బ్యాంకు వెరిఫికేషన్ కాల్ గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ వెరిఫికేషన్ కాల్ గారికి, గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక ఖాతాదారు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. అక్కడ తమరి రికార్డెడ్ లైను కూడా క్షేమమని తలుస్తాను.

నిన్న సరిగ్గా అన్నం ముందు కూర్చునే వేళకి మామూలు పదంకెల సెల్ నంబరు నుంచి మోగారు. "మీ కేవైసీ పెండింగులో ఉంది సార్, ముందు పుట్టిన తేదీ కన్ఫర్మ్ చేయండి" అన్నారు. కేవైసీ అంటే ఖాతాదారు ఎవరో రుజువు చూసుకునే తతంగం. ముందు మీరెవరో కన్ఫర్మ్ చేయమంటే, ఖాతా హోల్డులో పడుతుందని ఓ బెదిరింపు పడేసి పెట్టేశారు. దొంగ కాల్ వచ్చిందని బ్రాంచికి వెళ్ళి చెబితే, కౌంటర్లో ఆయన నంబరు చూసి తాపీగా "మనవాళ్ళేనండీ" అన్నారు.

నా గోలంతా ఆ 'మనవాళ్ళే' గురించి. దొంగ ఫోన్ చేస్తే ఒక పద్ధతి, వాడి వృత్తి అది. తమరికేం వచ్చిందండీ? పొద్దున్నే మీ వివరాలు ఎవరికీ చెప్పొద్దని ఎస్సెమ్మెస్ పెడతారు, మధ్యాహ్నం ఫోన్ చేసి అవే వివరాలు అప్పజెప్పమంటారు. అడగ్గానే చెప్పేసే అలవాటు జనానికి తమరు నేర్పిపెడితే, దాని మీద దొంగ బతుకుతున్నాడు. వాడు ఇంకో మెట్టు పైనే ఉన్నాడు. మన పేరు, ఊరు, కార్డు చివరి నాలుగంకెలు వాడే చదివి వినిపిస్తాడు. అవన్నీ ఎక్కడెక్కడో లీకైన జాబితాల్లో దొరికే సరుకే. అవి తెలిసినంత మాత్రాన బ్యాంకువాడు అయిపోడని మాకెవరు చెప్పాలి?

సీజన్లో మిర్చి యార్డుకి ఒకసారి దయచేయండి. కాటా దగ్గర టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తూకం పడుతుంటాయి. రైతు కళ్ళు ముల్లు మీద, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ఘాటుకి తుమ్ముతూ "ఆఁ, ఎవరండీ?" అంటాడు. "సాయంత్రంలోగా కేవైసీ చేయకపోతే ఖాతా బ్లాక్." పంట డబ్బు పడాల్సిన ఖాతా అది! ఆ గొంతు తమరిదో దొంగదో తేల్చుకోవడానికి ఆయన దగ్గర ఏముంది? అదే పదంకెల నంబరు, అదే తొందర. ట్రూకాలర్లో బ్యాంకు పేరు, వాట్సాప్‌లో బ్యాంకు బొమ్మ ఎవడైనా పెట్టుకోవచ్చు.

ఖాతా పనుల మీద చేసే కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని, అమ్మకాలకైతే 140తో మొదలయ్యేవి వాడాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలోనే చెప్పింది. తమరికి ఆ కాగితం అందలేదా, లేక దానికీ కేవైసీ పెండింగా? 1600 నుంచి వచ్చినా సరే, ఓటీపీ, పిన్, సీవీవీ చెప్పేది లేదు. పెట్టేసి, కార్డు వెనక అచ్చేసిన నంబరుకి మేమే చేస్తాం. గూగుల్లో వెతికిన కస్టమర్ కేర్ నంబరుకి మాత్రం చెయ్యం, అక్కడ కూర్చున్నదీ వాడే.

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు, దాని సంగతి కూడా తమరు నోరు విప్పి చెప్పరు. కేవైసీ అనో, చలానా అనో పేరుంటుంది. ఇన్‌స్టాల్ చేసి ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇచ్చామా, ఇక ఓటీపీ అడగాల్సిన పనే లేదు, దానంతటదే వాడికి చేరిపోతుంది. పొరపాటున నొక్కినవాళ్ళు వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించాలి. యాప్ అన్‌ఇన్‌స్టాల్ కాకపోతే అది డివైస్ అడ్మిన్ హక్కు, అంటే ఫోన్ మీద పెత్తనం, లాక్కుందన్నమాట. సెట్టింగ్స్‌లో ముందు ఆ హక్కు తీసేస్తే కదులుతుంది. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నవాడితో మాటలే అక్కర్లేదు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టమన్నవాడితోనూ అంతే.

ఇంత చేసీ డబ్బు పోయిందనుకోండి, అప్పుడు చూడాలి తమరి అసలు రూపం. "ఓటీపీ మీరే చెప్పారు కదండీ!" రూల్ తమరికి నోటికొచ్చు. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, వివరాలు మనమే చెప్పేస్తే బ్యాంకుకి తెలిపేదాకా పోయింది మనది, తెలిపాక పోయింది బ్యాంకుది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయట ఎక్కడో జరిగిన మోసమైతే, డబ్బు పోయినట్టు బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెబితే మన నష్టం సున్నా. అంటే ప్రతి నిమిషానికీ లెక్కుంది. తమరేమో హోల్డులో పెట్టి సంగీతం వినిపిస్తారు, తెలుగుకి ఒకటి, ఇంగ్లీషుకి రెండు నొక్కమంటారు. సిగ్గుండాలి! దొంగ మొదటి రింగుకే ఎత్తుతాడు.

అందుకే ఒకరు తమరి సంగీతం వింటుంటే ఇంట్లో ఇంకొకరు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేస్తారు. ఎంత పోయింది, ఏ టైముకి, యూపీఐ అయితే పన్నెండంకెల యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు నంబరు) ఎంత, ఇవి చేతిలో పెట్టుకుని. సొమ్ము పది ఖాతాలు మారి ఏటీఎంలో నోట్లయ్యేలోగా చెబితేనే ఎక్కడో ఒకచోట ఆపగలుగుతారు.

ఇట్లు,
పుట్టిన తేదీ చెప్పని ఖాతాదారు

తా.క.: నిన్నటి కాల్‌కి రేటింగ్ ఇవ్వమని లింకు పంపారు. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31కల్లా తమ వెబ్‌సైట్ల చిరునామాలను 'బ్యాంక్ డాట్ ఇన్' (bank.in) అని ముగిసేలా మార్చుకోవాలన్నారు కదా, తమరి లింకులో ఆ ముక్క కనపడలేదు. నొక్కలేదు. సున్నా అని మీరే వేసుకోండి.