కాంప్లెక్స్, జగదాంబ, సమన్వయం!

విశాఖలో ప్రజా రవాణాకి సమన్వయం లేదని కొందరు అంటుంటారు. వాళ్లు బస్సు స్టాపులో ఎక్కువసేపు నిలబడినవాళ్లై ఉంటారు. ఎండకి మాట తూలడం సహజం. నింపాదిగా చూస్తే మన ఊళ్లో జరిగినంత పని పంపకం ఇంకెక్కడా కనబడదు. స్టాపులో షెల్టరు నగరపాలక సంస్థ జీవీఎంసీది. ఆ షెల్టరుకి ఇరవై గజాల అవతల ఆగే బస్సు ఆర్టీసీది. రెండింటి మధ్యా బారులు తీరిన ఆటోలు ట్రాఫిక్ పోలీసుల లెక్క. వాటి పర్మిట్లు రవాణా శాఖ లెక్క. రేపు ఆ రోడ్డు ఎటు వెడల్పవ్వాలో నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ప్లానులో ఉంటుంది. మిగిలిన ఆ ఇరవై గజాలూ పరిగెత్తడం ఒక్కటే ప్రయాణికుడి శాఖ. ఎవరి పని వాళ్లు చేశారు, తప్పు ఎవరిదీ కాదు. అందరూ శాకాహారులే, గంపలో రొయ్యలు మాత్రం కనబడవు.

ఈ మధ్య నా కుడి మోకాలు పరుగు శాఖకి రాజీనామా ఇచ్చింది. అందుకని ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకు వచ్చిందనుకుంటున్నాను.

ముందు పెద్దవాళ్ల సంగతి. అరవై దాటితే ఆర్టీసీ టికెట్ మీద 25 శాతం రాయితీ. మంచి ఏర్పాటే, వెక్కిరించను. చిక్కల్లా ఒకటే. రాయితీ ఇచ్చే కండక్టరు పైన ఉంటాడు, పుచ్చుకోవాల్సిన మనిషి కింద ఉంటాడు. మధ్యలో మెట్టు. దాన్ని డిజైన్ లోపం అంటారు గానీ నాకలా తోచదు. అదొక అర్హత పరీక్ష. ఎక్కగలిగినవాడు ఇంకా ముసలివాడు కాలేదని అర్థం. ఎక్కలేనివాడికి టికెట్టే అక్కర్లేదు. ఎలా చూసినా పొదుపే.

వికలాంగులకి ఇదే పరీక్ష పై క్లాసులో ఉంటుంది. సదరం క్యాంపులో గంటల తరబడి కూర్చుంటే డాక్టరుగారు వైకల్యం శాతం తేలుస్తారు, సర్టిఫికెట్ వస్తుంది, దాంతో బస్సు పాసు వస్తుంది. ఇక బస్సు ఎక్కడమే తరువాయి. 2016 నాటి హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మన ఫుట్‌పాత్ మాత్రం ఒకే ఒక్క రకం మనిషిని గుర్తించింది. రెండు కాళ్లూ బాగుండి, మధ్య మధ్యలో దూకగలిగినవాణ్ని. వికలాంగులకి అన్ని చోట్లకీ దారి సుగమం చేస్తామంటూ 2015 డిసెంబరు 3న ‘సుగమ్య భారత్’ మొదలైంది. పదేళ్లు దాటాయి కాబట్టి ‘సుగమ్య’ అన్న మాట పలకడం అందరికీ సుగమమైంది. పైగా వికలాంగులన్న పేరు తీసేసి దివ్యాంగులన్నారు. దివ్యులకి ఎవరి వాహనం వాళ్లకి ఉంటుంది కదా, నెమలో ఎలకో, మళ్లీ సిటీ బస్సు దేనికి అనుకుని ఉంటారు.

ఇక కూలీనాలీ జనం. ఊరి మధ్య బస్తీల్లోని పేదలను ఊరి శివారు మధురవాడ వైపు, కేంద్ర పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద కట్టిన ఇళ్లకి చేర్చినప్పుడు సామాన్లతో సహా తీసుకెళ్లారు. వాళ్లు అంట్లు తోమే ఇళ్లు మాత్రం ఎంవీపీ కాలనీలోనే ఉండిపోయాయి. ఎవరూ మరిచిపోయారని కాదు. ఇళ్లు ఒక శాఖది, అంట్లు మరో శాఖవి.

2025 ఆగస్టు 15 నుంచి ‘స్త్రీశక్తి’ కింద ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం ఉచితం. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టి ఇస్తాడు. మా వీధిలో ఒకావిడ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో మందులకి వెళ్లడం ఈ పథకం వచ్చాకే క్రమం తప్పకుండా మొదలుపెట్టింది, అది ఒప్పుకోవాలి. కానీ పరవాడ ఫార్మా సిటీలోనో దువ్వాడ సెజ్‌లోనో బీ షిఫ్టు దిగి రాత్రి పదింటికి గేటు బయట నిలబడే మనిషిని చూడండి. కంపెనీ బస్సు ఉన్నవాళ్ల మాట వేరు. లేని కాంట్రాక్టు కూలీకి ఆ వేళ టికెట్ సున్నా, బస్సు కూడా దాదాపు సున్నా.

ఆడవాళ్లు బస్సులెక్కడంతో ఆటోలకి గిరాకీ పోయిందని గోల రేగింది. అదే ఏడాది అక్టోబరులో ‘ఆటో డ్రైవర్ల సేవలో’ అని తలా 15,000 రూపాయలు ఖాతాల్లో వేశారు. అంటే ఆడవాళ్లని ఆటో దింపి బస్సు ఎక్కించిన సర్కారే, దింపినందుకు ఆటోకి పరిహారం ఇచ్చింది. రాత్రి పది దాటాక ఆ ఆడవాళ్లే అదే ఆటో ఎక్కుతారు, చీర కొంగున కట్టుకున్న సొంత డబ్బుతో. సమన్వయం లేదంటారేం మరి?

టూరిస్టుల విషయంలో మనకి తడబాటే లేదు. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు వచ్చేశాయి. ఒక్క టికెట్‌తో 24 గంటలు, ఎక్కడైనా దిగొచ్చు, మళ్లీ ఎక్కొచ్చు. కేజీహెచ్ డౌన్‌లో దిగి, పైదాకా ఎత్తు ఎక్కి, ఓపీ చీటీ కోసం నిలబడి, మళ్లీ అంతా దిగే ముసలాయన కూడా దిగడం ఎక్కడమే చేస్తున్నాడు. కాకపోతే సముద్రం చూడ్డానికి రాలేదు, ఆ లెక్క వేరు. ఇక విశాఖకి మెట్రో రైలు సంగతి పరిశీలించమని 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్లోనే రాశారు. ఆనాడు యాభై ఏళ్లున్నవాడు ఈలోగా సీనియర్ సిటిజన్ అయ్యాడు. మెట్రో రాకపోయినా రాయితీ వచ్చింది.

నిజానికి ఈ శాఖల పనులన్నీ ఒంటిచేత్తో చేస్తున్నవాడు మన షేర్ ఆటో డ్రైవరు. మొన్న మద్దిలపాలెంలో “కాంప్లెక్స్, జగదాంబ” అని కేకేస్తున్న కుర్రాడు నా నడక చూసే రోగం పట్టేశాడు. సదరం లేదు, శాతం లేదు.

“మాస్టారూ, ముందుకొచ్చీండి. కాలు చాపుకోవచ్చు.”

ముందు సీట్లో ఉన్న కాలేజీ అబ్బాయిని వెనక్కి పంపాడు. చంక కర్ర ఉన్నాయన్ని అంచున కూర్చోబెట్టి కర్ర తను పట్టుకున్నాడు. గంపతో నిలబడ్డ ఒకమ్మని “ఎక్కెయ్యి అప్పా, నీ గంప కాళ్లకాడ ఎట్టు” అన్నాడు. అందులో రొయ్యలున్నాయి, నా కళ్లతో చూశాను. అన్నీ అయ్యేసరికి ముగ్గురి పర్మిట్ మీద మేం ఎనిమిది మందిమి. చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా. మలుపు తిరిగినప్పుడల్లా నా సగం శరీరం జాతీయ రహదారి పరిధిలోకి వెళ్లివస్తోంది. అయినా ఆ ఎనిమిది మందీ ఎవరు ఎక్కడ దిగాలో, ఎవరికి చెయ్యివ్వాలో, ఎవరి దగ్గర చిల్లర లేదో వాడికి కంఠతా వచ్చు.

దారిలో నా ప్రతిపాదన వాడి ముందు పెట్టాను. ముసలివాళ్లకీ వికలాంగులకీ కూలీలకీ రవాణా కుదర్చడానికి ఒక సమన్వయ కమిటీ వెయ్యాలని, దానికి అతనే చైర్మన్‌గా ఉండాలని.

“మీటింగు ఎక్కడండి?”

“ఏదో పెద్దాఫీసులో పెడతారులే, బాబూ.”

“ఓలమ్మో, అక్కడ ఆటో ఆపనివ్వరండి. మిమ్మల్ని జంక్షన్లో దింపేస్తాను, నడిచెల్లిపోండి.”