టోన్ కుదిరేదాకా పాట వాయిదా

గిటారు వాయించేవారికంటే గిటారు టోన్‌ను, అంటే ధ్వని రంగును, వెతికేవారు ఎక్కువగా ఉన్న సమాజమే ఉన్నత సమాజమని నా దృఢ విశ్వాసం. ఆ లెక్కన మన నల్లగొండ, పాలమూరు జిల్లాలు దేశానికే దారి చూపే దశకు చేరుకున్నాయి. రామగిరిలోని అద్దె గదిలోనో, జడ్చర్లలోని మేడమీది పోర్షన్‌లోనో రాత్రి పదకొండు దాటాక హెడ్‌ఫోన్లు తగిలించుకొని, డిజిటల్ యాంప్ మోడలర్ (రకరకాల యాంప్లిఫయర్ల ధ్వనిని అనుకరించే పరికరం) ముందు కూర్చొని, ఒకే ఒక్క E మైనర్ కార్డు (కలిపి మీటే స్వరాల గుత్తి) కొట్టి, నాబును వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ అదే కార్డు కొట్టే యువకుణ్ణి చూసి "వీనికి పాట రాదా?" అని అడిగే పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి అజ్ఞానాన్ని తొలగించడం కోసమే ఈ నాలుగు మాటలు.

పూర్వకాలపు గిటారిస్టుల బతుకు దయనీయం. వాక్యూమ్ ట్యూబులతో నడిచే యాంపు ఒక్కటే వారికి దిక్కు; 100 వాట్ల మార్షల్ కంపెనీ యాంపు వంటిదానిలో మంచి డిస్టార్షన్ (రాక్ పాటల్లో వినిపించే గరగర) రావాలంటే వాల్యూమ్ దాదాపు చివరిదాకా పెంచవలసి వచ్చేది. ఆ పని రామగిరిలో చేసి ఉంటే ఇంటి ఓనరు ఆ సాయంత్రమే అడ్వాన్సు తిరిగి ఇచ్చి పంపేవాడు. వేరే పని లేక వారు పాటలు నేర్చుకున్నారు. 1998లో లైన్ 6 సంస్థ పాడ్ అనే ఎర్రటి చిన్న పెట్టెలో పలు యాంపుల నమూనాలను ఇమిడ్చి అమ్మడంతో విముక్తి మొదలైంది. 2011లో కెంపర్ అనే పరికరం వచ్చి, ఎదుట ఉన్న యాంపులోకి పరీక్షా ధ్వనులు పంపి దాని పోకడను పట్టుకోవడం సాధ్యమని చూపింది. ఇప్పుడు న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని, ఏ దేశంలోనో ఎవరో తమ యాంపును రికార్డు చేసి తయారుచేసిన నమూనాను మనం పైసా ఖర్చు లేకుండా దించుకోవచ్చు. ఒక యాంపు ఉన్నవాడు పాట వాయిస్తాడు, వేరే దారి లేదు గనుక. వెయ్యి యాంపులు ఉన్నవాడికి అంత తీరిక ఎక్కడిది?

టోన్ సాధకుడు పాటించే మొదటి నియమం గెయిన్‌ను, అంటే డిస్టార్షన్‌ను పెంచే నాబును, పదికి పెట్టడం. గెయిన్ పెరిగేకొద్దీ మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకే స్థాయిలో వినిపిస్తుందనీ, రికార్డింగులలో మనల్ని కుర్చీలోంచి లేపే ధ్వనులు చాలాసార్లు మనం ఊహించినదానికంటే తక్కువ గెయిన్‌తో, ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ పెట్టడంతో వచ్చినవేననీ కొందరు వాదిస్తారు. రెండుసార్లు ఒకే తీరుగా వాయించాలంటే ముందు ఒకసారి వాయించడం రావాలి కనుక ఈ వాదన మనకు వర్తించదు. గిటారు మీదే ఉన్న వాల్యూమ్ నాబును కొంచెం తగ్గిస్తే అదే ప్రీసెట్ (దాచిపెట్టుకున్న సెట్టింగుల కూర్పు) శుభ్రంగా పలుకుతుందని కూడా వారే అంటారు; ఆ నాబును అందం కోసం బిగించారన్నది మనవారి నిశ్చితాభిప్రాయం. తీగలు తుప్పు పట్టి పలకడం మానేశాయని, కొన్ని వందల రూపాయలు పెడితే కొత్త సెట్టు వస్తుందని గుర్తుచేసేవారికి మాత్రం సమాధానం ఇవ్వనక్కరలేదు. తీగలకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ రాదు.

అసలు లోతు క్యాబ్, అంటే స్పీకరు పెట్టె, దగ్గర ఉంది. గిటారు స్పీకరు మనం ఇంట్లో పాటలు వినే స్పీకరు వంటిది కాదు. సుమారు 5000 హెర్ట్జ్ దాటాక దాని ధ్వని నిటారుగా పడిపోతుంది, ఆ పడిపోవడం వల్లనే డిస్టార్షన్ చెవిని గీరకుండా ఇంపుగా ఉంటుంది. స్పీకరు పెట్టె, దాని ముందున్న మైకు కలిసి చేసే ఆ వడపోతను మోడలర్‌లో ఇంపల్స్ రెస్పాన్స్, అంటే ఐఆర్, అనే బుల్లి ఫైలు అందిస్తుంది. మైకు స్పీకరు నడిమధ్యలో ఉంటే పదునుగానూ, అంగుళం పక్కకు జరిగితే మెత్తగానూ వినిపిస్తుంది. యాంపు నమూనా మార్చడం కంటే ఐఆర్ మార్చడమే చాలాసార్లు ఎక్కువ పని చేస్తుంది. ఇది తెలిసిన మామూలు మనిషి మూడో నాలుగో విని, ఒకటి ఎంచుకొని, దాని జోలికి మళ్లీ పోడు. సాధకుడు మాత్రం ఫోల్డరు మొత్తం దించుకొని, గద్వాల చీరల దుకాణంలో బీరువా అంతా దింపించి చివరికి మొదటి చీర ఎక్కడుందని అడిగే పెళ్లివారి తీరుగా, తెల్లవారేసరికి మొదటి ఫైలు పేరు మరిచిపోయి ఉంటాడు.

ఇక్కడ విజ్ఞానశాస్త్రం కూడా కొంత కుట్ర చేసింది. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవి అడుగు స్వరాలనూ బాగా పై స్వరాలనూ సరిగా పట్టుకోదని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపారు. అర్ధరాత్రి తక్కువ శబ్దంతో కూర్చున్న సాధకుడు సహజంగానే బాస్ పెంచుతాడు, ట్రెబుల్ పెంచుతాడు, మిడ్‌ను (నడిమి స్వరాలను) సున్నాకు దించుతాడు, పైన రివర్బ్ (ప్రతిధ్వని) కుమ్మరిస్తాడు. ఆ గదిలో ఆ ధ్వని నిజంగానే అద్భుతం. దానిని గది దాటించడమే నేరం.

ఆ నేరం నల్లగొండ దగ్గరి ఒక చర్చి క్రిస్మస్ కార్యక్రమంలో జరిగింది. (మన జిల్లాలో గిటారును నలుగురి ముందు నిలబెట్టేవి ప్రధానంగా చర్చి పాటలు, పెళ్లి ఆర్కెస్ట్రాలే గనుక ఇటువంటి దుర్ఘటనలు అక్కడే ఎక్కువ.) నెలల తరబడి తపస్సు చేసి తెచ్చిన ప్రీసెట్ పెద్ద స్పీకర్లలోంచి వచ్చేసరికి కింద గుంయ్‌మనే మోత, పైన జుయ్‌మనే రొద మిగిలి, నడుమ గిటారు ఉండవలసిన చోటు ఖాళీగా కనిపించింది. మిక్సర్ దగ్గరున్న సౌండ్ ఆపరేటరు గిటారుకు సంబంధించిన ఏ చర్చలోనూ పాల్గొన్నవాడు కాడు. ఆయన అన్నది ఇదే: "తమ్మీ, కింద బేస్ గిటార్ ఉన్నది, కీబోర్డు ఉన్నది. నువ్వు గూడ అండ్లనే దూరితె ఎట్ల? జర మీదికి జరుగు." గిటారు అన్నిటికంటే లావు తీగే 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది గనుక 100కు దిగువన పోగొట్టుకునేది పెద్దగా లేదన్నట్టు ఆయన అక్కడ కోసేశాడు, పైన 6000 దగ్గర మళ్లీ కోశాడు, మిడ్ లేపాడు, గెయిన్‌నూ రివర్బ్‌నూ సగానికి దించమన్నాడు. "అన్నా, నా టోన్ అంత పాయె" అని పిల్లవాడు మొత్తుకుంటే, "టోన్ పోతె పోయింది గని, గిటార్ ఇనబడ్తుంది" అన్నాడు.

వినబడింది, కాదనను. వెనుక వరుసలో కూర్చున్నవారికి కూడా వినబడింది, కొందరు చప్పట్లు కొట్టారు. కానీ ఆ సెట్టింగును ఇంటికి తీసుకెళ్లి హెడ్‌ఫోన్లలో ఒంటరిగా విన్న పిల్లవాడు అది సన్నగా, ముక్కుతో మాట్లాడినట్టు ఉందని నిర్ధారించాడు. పదిమందిలో ఉన్నప్పుడు మాత్రమే బాగుండే ధ్వనిని ఆత్మగౌరవం ఉన్న సాధకుడు ఎలా అంగీకరిస్తాడు?

లేటెన్సీ, అంటే మీటిన తరువాత ధ్వని వినిపించేదాకా పట్టే ఆలస్యం, సంగతి కూడా చెప్పాలి. మోడలర్‌లో 3 మిల్లీసెకన్ల ఆలస్యం వల్లనే తన లయ తప్పుతోందని ప్రతి సాధకుడూ ఫిర్యాదు చేస్తాడు. గాలిలో శబ్దం అంతసేపట్లో ఒక మీటరు నడుస్తుంది. పెళ్లి వేదిక మీద డ్రమ్ములకు ఐదు మీటర్ల దూరంలో నిలబడి వాయించేవారు 15 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని భరిస్తూ, ఆ విషయం ఎవరూ చెప్పకపోవడం వల్ల లయ తప్పకుండా వాయిస్తున్నారు.

ఇక మన విరోధుల చివరి అస్త్రం 12 మెట్ల కిన్నెర. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య ఎండిన సొరకాయ బుర్రలు కట్టిన ఆ వాద్యం మీద పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారని, ఆయన వాద్యానికి క్యాబ్ మార్చే మీట లేదని వారు ఎత్తిపొడుస్తారు. ఒప్పుకుంటాను. ఆ బుర్రకు ఉన్నది ఒకటే ఐఆర్, దానిని మార్చే వీలు లేక ఆయన కథ మీదా గొంతు మీదా దృష్టి పెట్టవలసి వచ్చింది. సౌకర్యాలు లేనివారిని మనతో పోల్చి ఇబ్బంది పెట్టడం మర్యాద కాదు.

అందుచేత జిల్లా స్థాయిలో ఒక టోన్ పోటీ పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. పోటీదారులు ప్రీసెట్ తెరను ప్రదర్శించి, ఐఆర్ పేరు, మైకు దూరం, నాయిస్ గేట్ (వాయించనప్పుడు రొదను ఆపే అమరిక) స్థాయి సభకు వివరిస్తారు. E మైనర్ కార్డును ఒక్కసారి మోగించవచ్చు. రెండో కార్డుకు మారినవారు అనర్హులు. సౌండ్ ఆపరేటర్లకు ప్రవేశం ఉండదు. వచ్చే క్రిస్మస్‌కు పాడవలసిన పాటలో జి, సి, డి అని మూడు కార్డులు ఉన్నాయట. మా పిల్లవాడు అప్పటిదాకా నేర్చుకోలేడని, ఇంకా రివర్బ్ తేలలేదని, కీబోర్డు వాళ్లనే సర్దుకోమని క్వయర్‌కు ఇప్పటికే కబురు పంపాం.