నెలకోసారి చాలదండీ
వెబ్‌సైట్ తయారయ్యాక నెలకోసారి అప్‌డేట్లు చూసుకుంటే చాలని మీరు రాశారు. నెలంటే ఎక్కువేనండీ. 2017 మార్చిలో, వెబ్‌సైట్లు కట్టడానికి వాడే అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వచ్చింది. జనం అప్పుల వివరాలు దాచే అమెరికా సంస్థ ఈక్విఫాక్స్ దాన్ని వేసుకోలేదు, మే నుంచి దొంగలు లోపలే తిరిగారు. సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి.

మాకు దెబ్బ తగిలింది వేరే చోట. మా సైట్‌లో వాడటం మానేసిన స్లైడర్ ప్లగిన్‌ని (బొమ్మలు మార్చి మార్చి చూపే అదనపు సాఫ్ట్‌వేర్) ఆపేశాం గానీ డిలీట్ చేయలేదు. ఆపినా ఫైళ్లు సర్వర్‌లోనే ఉంటాయి కదా, అందులోంచే దూరారు. కస్టమర్లు ఫోన్‌లో తెరిస్తే ఏదో లాటరీ పేజీకి పోయేది, నేను లాగిన్ అయి చూస్తే అంతా మామూలే! బ్యాకప్ ఉందిగా అనుకుంటే, అదీ అదే సర్వర్‌లో. పైగా ఎప్పుడో వెళ్లిపోయిన డెవలపర్ అడ్మిన్ లాగిన్ ఇంకా పనిచేస్తోందని ఆ టెన్షన్‌లోనే బయటపడింది.