చందమామ మీద మాయా ప్రవరుడు

అంతరిక్షంలో ఒంటరితనం మీద సినిమాలు ఇన్ని వచ్చాయి గానీ, వాటికో లక్షణ గ్రంథం మాత్రం ఇంతవరకూ రాలేదు. పండితులెవరూ పూనుకోలేదు కాబట్టి, అర్హత లేకపోయినా తీరిక దండిగా ఉన్నవాణ్ణి గనక, ఆ భారం నేనే నెత్తికెత్తుకున్నాను. దానికి ఇది పీఠిక. మిగతా గ్రంథం ముద్రణకు దాతలు కావాలి.

మొదటి సూత్రం: ఒంటరితనం సినిమాలో ఒంటరివాడు ఉండరాదు.

దీనికి కారణం చాలా సింపుల్. మనిషి ఒక్కడే కూర్చుని గోళ్ళు కొరుక్కోవడం చూడ్డానికి టికెట్టు ఎవరు కొంటారు? మా వీధి చివర ఏటీఎం దగ్గర సెక్యూరిటీ ఆయన రాత్రంతా అదే పని ఉచితంగా చేస్తున్నాడు. అందుకని కథకుడు హీరోని కోట్ల మైళ్ళ అవతల ఒంటరిగా వదిలి, ‘అయ్యో పాపం’ అని మనం అనేలోపే ఎవరో ఒకరిని తోడు పంపిస్తాడు. పాతిక నిమిషాలు దాటనివ్వడు. వచ్చేది రోబో కావచ్చు, పోయినవాళ్ళు కావచ్చు, మతి భ్రమలో కనిపించేవాళ్ళు కావచ్చు. ఎవరైనా ఫరవాలేదు, డైలాగు అందుకుంటే చాలు.

‘గ్రావిటీ’ (2013) తీసుకోండి. కథ సగానికి రాకుండానే శాండ్రా బుల్లక్‌ని ఒంటరిని చేయడానికి జార్జ్ క్లూనీ పాత్రని శూన్యంలోకి సాగనంపారు. త్యాగం చూసి కళ్ళు తుడుచుకున్నాం. తీరా ఆవిడ సోయుజ్ నౌకలో ఇక బతకడం దండగ అనుకుంటున్న వేళ, ఆయన తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. భ్రమే అనుకోండి. కానీ ఆ భ్రమ ఊరికే రాలేదు, రష్యన్లు దాచుకున్న వోడ్కా సీసా ఎక్కడుందో వెతికి మరీ తీసింది. ఇంత పనిమంతురాలైన భ్రమని నేను జీవితంలో చూడలేదు.

ఇక్కడ మన లాక్షణికులు గుర్తుకురావాలి. కావ్యానికి పద్దెనిమిది వర్ణనలుండాలని పూర్వులు నియమం పెట్టారు: నగరం, సముద్రం, ఋతువులు, చంద్రోదయం, ఉద్యానం, జలక్రీడ, మధుపానం, విప్రలంభం (అంటే విరహం), కుమారోదయం, మంత్రాంగం, దూత, ప్రయాణం వగైరా. హాలీవుడ్ వారు ఈ పట్టికని ఎవరి దగ్గర కాజేశారో తెలియదు గానీ, అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నారు. మధుపానమా? క్లూనీ వోడ్కా చాలదంటే ‘పాసెంజర్స్’ (2016) చూడండి. నూట ఇరవై ఏళ్ళ ప్రయాణంలో తొంభై ఏళ్ళు ముందే మెలకువ వచ్చిన మహానుభావుడు, అయిదు వేలమంది నిద్రపోతున్న నౌకలో నేరుగా బార్‌కి వెళతాడు. అక్కడ గ్లాసు తుడుస్తూ ఒక మరమనిషి సిద్ధంగా ఉంటాడు. నౌక పాడవుతుంది, మనిషి పాడవుతాడు, బార్ మాత్రం నడుస్తుంది. ఈ విషయంలో అంతరిక్షానికీ మన హైవేలకీ తేడా ఏమీ లేదు.

దూత అంటే రోబో. మంత్రాంగం అంటే హ్యూస్టన్‌లోని నాసా కంట్రోల్ రూములో తెల్ల చొక్కాలవాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని నిలబడడం. విప్రలంభం అంటే భార్య పంపిన వీడియో మెసేజ్, అదీ సరిగ్గా కీలకమైన మాట దగ్గర గీతలు పడిపోవాలి. కుమారోదయం మాత్రం కూతురోదయం అయిపోయింది. ఏ వ్యోమగామిని కదిపినా భూమ్మీద ఒక కూతురు, లేదా చనిపోయిన కూతురు. కొడుకు కోసం ఏడ్చే వ్యోమగామి అరుదు. అచ్చంగా శాస్త్రం ప్రకారం నడిచినవాడు స్టాన్లీ కుబ్రిక్ ఒక్కడే. 1968లోనే ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో వ్యోమగామిని విశ్వం అంచుల దాకా తిప్పి, చివర్లో తెరనిండా పసిబిడ్డని చూపించాడు. అర్థం కాలేదని అందరూ యాభై ఏళ్ళుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. కుమారోదయమండీ బాబూ! పురిటి వాసన తెలిసిన ఏ పెద్దావిడని అడిగినా చెబుతుంది.

అన్నీ వేదాల్లోనే ఉన్నాయిష అనే బాపతు కాదు నేను. పుష్పక విమానానికి పేటెంటు అడగను. కానీ ఒక్క విషయంలో మాత్రం మౌనంగా ఉండలేకపోతున్నాను. 2009లో డంకన్ జోన్స్ తీసిన ‘మూన్’ కథ మన అల్లసాని పెద్దనది.

ఆవేశపడకండి, ఆధారాలున్నాయి. మనుచరిత్రలో ప్రవరుడు అరుణాస్పదంలో భార్యా తల్లిదండ్రులతో హాయిగా ఉంటాడు. సిద్ధుడెవరో పాదాలకు పసరు పూస్తే హిమాలయాలకు ఎగిరి వెళతాడు. మంచు తగిలి పసరు కరిగిపోతుంది. అంటే ఏమిటి? ప్రొపల్షన్ ఫెయిల్యూర్! మనుషులు చేరలేని చోట ఒక్కడు, తిరిగి వచ్చే సాధనం లేదు, మనసంతా ఇంటి మీద, వేళ దాటిపోతున్న అగ్నిహోత్రం మీద. ఎంత చక్కటి ఒంటరితనం! పెద్దన దాన్ని ఎంతసేపు ఉంచాడు? వీణ మీటుతూ వరూధిని కనబడేదాకా. మొదటి సూత్రం చూశారా?

మన ప్రవరుడు అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళాక వచ్చాడు రెండోవాడు, ప్రవరుడి రూపం వేసుకున్న గంధర్వుడు. అదే ముఖం, అదే గొంతు. తెలుగువాళ్ళకి క్లోనింగ్ అంటే భయం లేకపోవడానికి కారణం ఇదే. మన హీరోల డబుల్ యాక్షన్లు తర్వాతి సంగతి.

‘మూన్’లో శామ్ బెల్ చంద్రుడి అవతలి వైపున, భూమి కనబడని చోట, మూడేళ్ళ కాంట్రాక్టు మీద హీలియం-3 అనే ఇంధనం తవ్వించే కంపెనీలో పనిచేస్తుంటాడు. తోడు ఒక రోబో. దానికి ముఖం లేదు, చిన్న తెర మీద నవ్వే బొమ్మ, ఏడ్చే బొమ్మ వేసి ఓదారుస్తుంది. కాంట్రాక్టు ఇంకా రెండు వారాలుందనగా యాక్సిడెంట్. మెలకువ వచ్చి బయటికెళ్ళి చూస్తే, బండిలో కొన ఊపిరితో మరో శామ్ బెల్. ఇద్దరూ క్లోన్లే. ఒకడి గడువు ముగిశాక ఇంకొకణ్ణి అవే జ్ఞాపకాలతో లేపుతారు. ఇంటికి పంపుతున్నామని పడుకోబెట్టే పెట్టెలో పాతవాణ్ణి కాల్చి బూడిద చేస్తారు. గంధర్వుడు కనీసం ప్రేమ కోసం రూపం మార్చాడు, కంపెనీ ట్రైనింగ్ ఖర్చు మిగుల్చుకోవడానికి మార్చింది.

కథ నిజాయితీ అక్కడే తెలుస్తుంది. మిగతా సినిమాలు ఒంటరివాడికి ఎవరినో తెచ్చి జతచేస్తే, ఇది అతన్నే అతనికి జతచేసింది. ఇద్దరూ స్నేహితులవుతారా అంటే, ముందు పింగ్ పాంగ్ ఆడి, తర్వాత కొట్టుకుంటారు.

వాస్తవం మాత్రం కథకి ఏమాత్రం సహకరించదు. 1969 జులైలో అపోలో 11 వ్యోమగామి మైకెల్ కాలిన్స్ చంద్రుడి వెనక ఒక్కో చుట్టులో దాదాపు 48 నిమిషాలు ఎవరి గొంతూ వినబడని చోట ఒక్కడే తిరిగాడు. దిగులు పడ్డాడా? లేదు, తృప్తిగా అనిపించిందని రాసుకున్నాడు. స్క్రిప్టుకి ఎంత నష్టం! రష్యన్ వ్యోమగామి వలేరీ పొల్యకోవ్ 1994 నుంచి 1995 దాకా మీర్ అంతరిక్ష స్టేషన్‌లో 437 రోజులు ఏకబిగిన ఉండి దిగాడు, ఏ భ్రమా వోడ్కా తెచ్చివ్వలేదు. సునీతా విలియమ్స్ 2024లో ఓ వారం పదిరోజుల పనిమీద వెళ్ళి 286 రోజులు ఉండిపోతే, ఇక్కడ యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళలో ఆవిడ రోజూ ఏడుస్తూనే ఉంది. అక్కడ ఆవిడ మరమ్మతులు, ప్రయోగాలు, రోజుకు రెండు గంటల వ్యాయామం చేసుకుంటోంది. మనమేమో 2018లో ‘అంతరిక్షం’ సినిమాలో తెలుగు వ్యోమగాముల్ని తెరమీద పంపినప్పుడు టీమ్‌నే పంపాం. ఒక్కణ్ణి పంపడానికి మనసొప్పలేదు, దారిలో ఆవకాయ డబ్బా ఎవరు పట్టుకుంటారు?

గ్రంథ రచన కోసం ఆదివారం మధ్యాహ్నం గది తలుపు వేసుకుని ‘మూన్’ మళ్ళీ పెట్టాను. నిడివి 97 నిమిషాలు. ఒంటరితనాన్ని ఒంటరిగా చూడాలని సంకల్పం. ఇరవై అయిదో నిమిషం దాటకుండానే తలుపు తెరుచుకుంది. సూత్రం తప్పలేదు.

మా ఆవిడ ఆరిన బట్టల గుట్టతో వచ్చి మంచం మీద కూర్చుంది. ఆవిడ జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. మడతలు పెడుతూ కాసేపు చూసింది.

“ఈయన ఆయనేనా?”

“ఆయనే. కాదు, ఈయన కొత్తాయన.”

“మరి పాతాయన?”

“మూడేళ్ళు అయిపోవచ్చాయి. ఆయన బదులు మళ్ళీ ఆయన్నే కొత్తగా పెట్టారు.”

ఆవిడ చేతిలో లుంగీ ఆగింది. “పాతాయన సర్వీసు ఈయనకి కలుపుతారా?”

లక్షణ గ్రంథంలో దీనికి జవాబు లేదు. కలపరనుకుంటా అన్నాను.

“ఎందుకు కలుపుతారు? మాకూ ఏటా ఒక రోజు బ్రేక్ ఇచ్చి మళ్ళీ తీసుకుంటారు. కొత్తాయన్ని చూడండి, ఎంత నీటుగా ఉన్నాడో. చేరిన కొత్తలో నేనూ అంతే” అని లుంగీ మడత పూర్తిచేసింది.