ప్రింటర్ తప్పేం లేదన్నా

హన్మకొండలో కేయూ క్రాస్ రోడ్డు దగ్గరి జిరాక్స్ సెంటర్. టైం తొమ్మిదిన్నర. పదింటికి వైవా ఉన్న పిలగాడు పెన్‌డ్రైవ్‌తో కౌంటర్ మీద టకటక కొడుతున్నాడు.

"అన్నా, జర జల్ది. నలభై స్లైడ్లే."

పవర్‌పాయింట్‌ను దాని మానాన వదిలేస్తే కాగితానికి ఒక్క స్లైడే వేస్తుంది. ప్రింట్‌లో 'ఫుల్ పేజ్ స్లైడ్స్' అని ఉన్నచోట నొక్కి, హ్యాండౌట్స్‌లో ఆరు ఎంచుకుంటే నలభై స్లైడ్లు ఏడు కాగితాల్లో సర్దుకుంటాయి. "వద్దన్నా, సార్ పెద్దగ ఉండాలన్నడు."

ముందు మూడు స్లైడ్లు కొట్టి చూశారు. ప్రాజెక్టు రామప్ప గుడి మీద. చిక్కటి నల్ల బ్యాక్‌గ్రౌండ్, తెల్లక్షరాలు. స్క్రీన్ మీద దర్జాగానే ఉంది. బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్‌కు 'కలర్'లోనే పంపితే మాత్రం ఆ నలుపంతా టోనర్ పొడే. మాడిన సర్వపిండిలా కాగితం వేడివేడిగా బయటికొచ్చింది. ప్రింట్‌లో ఆ 'కలర్' ఉన్నచోటే 'గ్రేస్కేల్' పెడితే బ్యాక్‌గ్రౌండ్ తెల్లబడి అక్షరాలు నల్లబడతాయి. పెట్టారు.

రెండో స్లైడ్లో హెడ్డింగ్ 'రామప్ప' అని లేదు, పిల్లి కీబోర్డు మీద నడిచినట్టుంది. ఇంట్లో అను ఫాంటులో కొట్టాడు, షాపు కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. ఇంట్లోనే పీడీఎఫ్ చేసుకుని వస్తే అక్షరాలు దాంతోపాటే వచ్చేవి. హెడ్డింగ్ ఒక్కటే కాబట్టి, ఆ ఫాంటు లేకున్నా కనబడే యూనికోడ్‌లో మళ్లీ కొట్టారు.

"మూడో దాంట్ల నాలుగు ఫొటోలుండాలె గదన్నా, ఒక్కటే వచ్చింది?"

నాలుగూ వచ్చాయి, ఒకదాని మీద ఒకటి. క్లిక్కుకో ఫొటో వచ్చేలా యానిమేషన్ పెట్టాడు మరి. కాగితానికి క్లిక్కు తెలియదు, అన్నీ ఒకేసారి వేస్తుంది, పైనున్నదే కనబడుతుంది. పీడీఎఫ్ చేసినా ఈ రోగం పోదు. స్లైడును నాలుగు కాపీలు చేసి ఒక్కోదాంట్లో ఒక్కో ఫొటో ఉంచాలి, లేదా నాలుగింటినీ చిన్నవి చేసి పక్కపక్కన పేర్చాలి. పేర్చారు.

ఇప్పుడు నలభై. ప్రింట్ నొక్కారు. ఎర్రలైటు. ట్రే నిండా కాగితాలున్నా పేపర్ పెట్టమంటోంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో లెటర్ సైజు ఉంది, అంటే 8.5 బై 11 అంగుళాలు. ట్రేలో ఉన్నది ఏ4. అన్న వంగి ట్రే చూస్తుంటే పిలగాడు ఆగలేక ఇంకో మూడుసార్లు ప్రింట్ కొట్టాడు.

అట్లాంటప్పుడు ప్రింట్ల వరస, అంటే క్యూ తెరిచి పాతవన్నీ క్యాన్సిల్ చేయాలి. అవి కదలకుంటే విండోస్ సర్వీసెస్‌లో ఆ వరసను నడిపే ప్రింట్ స్పూలర్ ఆపి, స్పూల్ ఫోల్డర్‌లోని 'ప్రింటర్స్' ఖాళీ చేసి, మళ్లీ స్టార్ట్ చేయాలి. అన్న అవేమీ చేయలేదు. ఉన్న కాగితం మీదే కొట్టమని ప్రింటర్ మీది ఓకే బటన్ నొక్కుతూ పోయాడు.

"నూటా అరవై పేజీలు తమ్మీ. స్పైరల్ ఒక్కటా, నాలుగా?"