గైడు చదివితే మార్కులొస్తాయి, పద్యం రాదు

ఎంఏ ఇంగ్లిష్‌లో చేరిన విద్యార్థి చేతికి చాలా కాలేజీల్లో మూలగ్రంథం కన్నా ముందు గైడు వస్తుంది. దీన్ని విద్యార్థి బద్ధకం అనడం అన్యాయం. ‘ఫలానా కవితలోని ఇతివృత్తాన్ని చర్చించండి’ అని ఏటా అదే ప్రశ్న ఇస్తుంటే గైడులోని నాలుగు పేజీలు చాలు. కవితలో ఒక్క పాదం చదవకపోయినా మార్కులు పడతాయి.

షేక్‌స్పియర్ 18వ సానెట్‌నే (14 పాదాల పద్యం) చూడండి. 1609లో అచ్చయిన సంపుటిలోది. ప్రియమైన వ్యక్తిని వేసవి రోజుతో పోల్చాడని గైడు తేల్చేస్తుంది. పద్యంలో జరిగేది అది కాదు. పోల్చనా అని అడిగి, రెండో పాదం నుంచే ఆ పోలిక చాలదంటాడు కవి. గాలులు మొగ్గల్ని కుదిపేస్తాయి, ఎండ ఒక్కోసారి మండిపోతుంది, వేసవి గడువు చిన్నది. తొమ్మిదో పాదం ‘బట్’తో మొదలై వాదం మలుపు తిరుగుతుంది. చివరి రెండు పాదాల్లో అసలు మాట బయటపడుతుంది: ఆ వ్యక్తిని బతికించేది ఈ పద్యమే.

ఛందస్సు దగ్గర తెలుగు విద్యార్థికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. గణ విభజన బడిలోనే నేర్చి ఉంటాడు కనుక ఈ సానెట్ ఛందస్సైన అయాంబిక్ పెంటామీటర్‌కీ గురులఘువులు వేస్తాడు. ఇంగ్లిష్ పద్యానికి లెక్క మాత్రలది కాదు, ఊనికది (స్ట్రెస్, అంటే ఒత్తి పలకడం). ‘షల్ ఐ / కంపేర్ / దీ టు / ఎ సమ్ / మర్స్ డే’ అని పది అక్షరాలు, అయిదు జంటలు. ప్రతి జంటలో రెండోదానిపై ఊనిక. ‘దీ’ దీర్ఘమైనా తేలిపోతుంది. ఊనిక పడాల్సిన చోట ‘టు’ లాంటి బలహీనమైన మాట వస్తే, మంచి గొంతు దాన్ని నొక్కకుండా దాటేస్తుంది. తెలుగులో ఊనిక మారినా మాట అర్థం మారదు, అందుకే మన చెవి దీన్ని పట్టుకోదు. నిఘంటువులో ఊనిక గుర్తు చూసి, పెన్సిల్‌తో పాదం మీద వేసుకుని, పైకి చదవాలి. వారం రోజులు చేస్తే తేడా వినిపిస్తుంది.

నాటకాలకు వివరణలున్న ప్రతి తప్పనిసరి. నార్టన్ క్రిటికల్ ప్రతుల్లో మూలం, నేపథ్యం, విమర్శ ఒకేచోట ఉంటాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ప్రతుల్లో సాధారణంగా వివరణలు ఉండవు. మొదటిసారి ఆపకుండా చదవాలి, రెండోసారి అడుగు నోట్సుతో. విమర్శ ఆ తర్వాతే. ముందే విమర్శ చదివితే మూలంలో అది చెప్పిందే కనిపిస్తుంది.

అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్ రెండో పేపర్‌లో 100 ప్రశ్నలు, 200 మార్కులు, అన్నీ బిట్లే కదా అంటారు. నిజమే, సంవత్సరాలు, పాత్రల పేర్లు బట్టీ పట్టక తప్పదు. కానీ అందులోనూ పద్యభాగం ఇచ్చి అడిగే ప్రశ్నలుంటాయి. గైడుతో పెరిగినవారు తడబడేది అక్కడే.

విశ్వవిద్యాలయాలు చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి కవిత్వం పేపర్‌లో సిలబస్‌లో లేని 14 పాదాలు అచ్చువేసి, మలుపు ఎక్కడుందో, ఏ మాట ఎందుకు పడిందో రాయమనాలి. ఒకే సరైన జవాబు ఉండదు కనుక దిద్దేవారికి శ్రమ. ఇద్దరు అధ్యాపకులు ముందుగా కూర్చుని, ఏ పరిశీలనకు ఎన్ని మార్కులో రాసుకోవాలి.