తప్పిన గురికీ పాయింటిచ్చే ఆట

2023 సెప్టెంబర్ 30. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో లక్ష మందికి పైగా జనం. స్కోరు బోర్డు మీద బ్రిస్బేన్ లయన్స్‌కి 13 గోల్స్, కాలింగ్‌వుడ్‌కి 12. కప్పు మాత్రం కాలింగ్‌వుడ్‌దే, 90-86. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ కొత్తవాళ్లకు ఇది తిరకాసుగానే ఉంటుంది. మైదానం రెండు చివరల్లోనూ ఉండే నాలుగేసి స్తంభాల్లో నడిమి రెండింటి మధ్యకు తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే ‘బిహైండ్’, 1 పాయింటు. కాలింగ్‌వుడ్ బిహైండ్‌లు 18, బ్రిస్బేన్‌వి 8.

గురి తప్పినా ఎంతో కొంత చేతిలో పెట్టే ఆటలో తెగించనివాడే నష్టపోవాలి కదా! అయినా కోచ్‌లు జంకుతారు. అసలు గండం ఉన్నది మైదానం నడుమ. అంచు గీత వెంబడి బంతిని తీసుకెళ్తే, పొరపాటు జరిగినా అది బయటికి పోతుంది, ఊపిరి పీల్చుకోవచ్చు. నట్టనడుమ నుంచి, అంటే వాళ్లు ‘కారిడార్’ అనే దారిలో తన్నితే గోల్ దగ్గర. కానీ బంతి అక్కడ ప్రత్యర్థికి చిక్కిందంటే, మనవాళ్లంతా ముందుకు ఉరికి ఉంటారు, వెనక ఇల్లు ఖాళీ.

2016 చివరి మ్యాచ్‌లో రిచ్‌మండ్ జట్టు సిడ్నీ చేతిలో 113 పాయింట్ల తేడాతో చిత్తయి, 13వ స్థానంలో మిగిలింది. మరుసటి ఏడాది అదే కోచ్ డేమియన్ హార్డ్‌విక్, బంతిని పదిలంగా దాచుకునే పద్ధతి మాని, ఎలాగోలా ముందుకు నెట్టే ఆట ఆడించాడు. 37 ఏళ్ల తర్వాత కప్పు వచ్చింది. మీద పడేవాణ్ణి ఒంటిచేత్తో తోసి దూసుకెళ్లే డస్టిన్ మార్టిన్‌కి పతకాలూ పేరూ దక్కాయి. ముందు వరస పోగొట్టిన బంతుల్ని వెనక గాల్లోనే అందుకున్న అలెక్స్ రాన్స్ పేరు ఆస్ట్రేలియా బయట ఎవరికి తెలుసు?

దూకుడును మనం ఆడినవాడి ఖాతాలో రాస్తాం. నా లెక్కలో అది వెనక ఉన్నవాళ్లు ఇచ్చిన అప్పు. అందుకే ‘ఫలానావాడు బంతి పోగొడుతున్నాడు, తీసేయండి’ అనే గోల నాకు మింగుడుపడదు. పక్కనున్నవాడికి చేతిపాస్ ఇచ్చి ఊరుకునేవాడి సరైన పాస్‌ల శాతం ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది మరి.

ఆ రిచ్‌మండ్‌లో సహాయక కోచ్‌గా పనిచేసిన క్రెయిగ్ మెక్‌రే, 2021లో 18 జట్లలో 17వదిగా ముగిసిన కాలింగ్‌వుడ్‌ని రెండేళ్లలో విజేతను చేశాడు. ఆ జట్టులోని నిక్ డేకాస్ కారిడార్‌లోకి తెగించి పరుగు తీయగలిగాడంటే, వెనక డార్సీ మూర్, నేథన్ మర్ఫీ కాచుకుని ఉన్నారు. తలకు తగిలిన దెబ్బల వల్ల మర్ఫీ 2024లో ఆట మానేశాడు. ఆ ఏడాది కాలింగ్‌వుడ్ 9వ స్థానంలో ఆగిపోయింది. అతనొక్కడే కారణమని అనను. కానీ డేకాస్ అప్పుడూ ఉన్నాడు, తెగింపూ ఉంది.

ఆ ఏడాది డిసెంబర్‌లోనే, అదే మెల్‌బోర్న్ మైదానంలో క్రికెట్ టెస్టులో, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా బుమ్రా ఔటయ్యాడు. తర్వాత బోలాండ్ బంతిని లేపి కొట్టి అతను సెంచరీ చేయడం అందరికీ గుర్తే. దానికి ముందు కమిన్స్ వేసిన మూడు బంతుల్ని అవతలి ఎండ్‌లో సిరాజ్ కాచుకున్నాడు.